ఇంటిదొంగ జాడ

ఇంట నొకరికి రాచపుండు కలిగినచో వారి కంచమును, చెంబును వేరుగా నుంచవలెనా యని శ్రోతలు మమ్ము అడుగుచుందురు. ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక ఒక తల్లియో, తండ్రియో వసారాలో ఒంటిగా కూర్చుండి భుజించు దృశ్యమున్నది. కావున ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానమును, అది లభించుటకు పట్టిన డెబ్బది యేండ్ల చరిత్రను నేడు మనవి చేయదలచితిమి.

1909 వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థకు ఒక కోడిపెట్టను తెచ్చిరి. దాని రొమ్మున పెద్ద కంతి యుండెను. పేటన్ రౌస్ అను యువ వైద్యుడు ఆ కంతిని నూరి, కణములను గాని బాక్టీరియాను గాని పోనీయని వడపోత గుండ వడగట్టి, ఆ తేటను వేరు కోళ్లకు ఎక్కించెను. వానికిని అట్టి కంతులే పుట్టెను. 1911 లో ఈ సంగతిని ప్రకటింపగా పండితులు పలువురు నమ్మకపోయిరి. కోడి కంతికిని మనుష్యుల రాచపుండునకును పొత్తేమని త్రోసివేసిరి. కొన్ని యేండ్లకు రౌస్ ఆ పని విడిచి వేరు పరిశోధనలలో మునిగెను. ఆ తేటలో నున్నది వైరస్ అని లోకము ఒప్పుకొని, ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చునప్పటికి 1966 వచ్చెను. అప్పటి కాయన వయస్సు 87.

ఇంతవరకు వినినవారికి రాచపుండు బయటినుండి వచ్చు శత్రువేయనియు, కంచము వేరు చేయుటయే న్యాయమనియు తోచవచ్చును. కథ ఇచ్చటనే మలుపు తిరిగెను.

ఆ వైరసులో కంతిని పుట్టించునది ఒక్క జన్యువేయని తరువాత తేలెను. సార్కోమా యను రోగనామమును బట్టి దానికి 'సార్క్' అని పేరిడిరి. అది వైరసునకు ఎచ్చట దొరకెను? శాన్ ఫ్రాన్సిస్కోలో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ అనువారును, వారి సహచరులును ఈ ప్రశ్నను పట్టుకొనిరి. 1976 లో వారు ప్రకటించిన సమాధానము వినినవారిని విస్మయపరచెను. ఆ జన్యువు వైరసు సొత్తు కాదు. ఏ రోగమును లేని కోడి కణములలో అది కలదు. బాతులోను, కౌజుపిట్టలోను, ఈమూ పక్షిలోను కలదు. పిదప మనుష్యులలోను కనబడెను. ఏనాడో ఒక వైరసు దానిని కోడినుండి అపహరించుకొని పోయినదన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడును పట్టలేడని మనవారందురు. పట్టిన ఈ యిరువురికి 1989 లో నోబెల్ బహుమానము లభించెను.

మరి మన కణములో అట్టి జన్యువునకు పనియేమి? చెరువు క్రింది నీరుగంటిని తలచుకొనుడు. పైరునకు నీరు కావలసినప్పుడు తూము ఎత్తును; చాలినంతనే దింపును. పెరుగుమని వెలుపలినుండి వచ్చు సందేశమును కణము లోపలికి చేరవేయు తూములలో సార్క్ ఒకటి. సందేశము అందినప్పుడు తెరచుకొనును, పని తీరగనే మూసికొనును. వైరసు ఎత్తుకొనిపోయిన ప్రతిలో తలుపు మూయుటకు వలసిన తోకభాగము తెగిపోయినది. తెరచిన తూము తెరచినట్లే యుండగా చేను మునుగును. కణము ఆగక విభజన చెందును.

ఈ తూము పనిచేయు తీరు 1978 లో కొంత తెలిసెను. సార్క్ వలన పుట్టు ప్రోటీను ఇతర ప్రోటీనులకు ఫాస్ఫేటును తగిలించును. ఆ తగిలింపే సందేశము. మరుసటి యేడు కాలిఫోర్నియాలో టోనీ హంటర్ ఒక పాత ద్రావణమును మార్చక వాడెను. పాతబడుటచే దాని ఆమ్లత పెరిగియుండెను. అందువలననే ఫాస్ఫేటు తగులుకొన్నది టైరోసిన్ అను భాగమునకని బయటపడెను. అంతకుముందు దాని నెవ్వరును ఊహింపలేదు.

ఆ ఫాస్ఫేటును ఇచ్చునది ఏటీపీ అను ద్రవ్యము. 1929 లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి దానిని కనుగొనినవాడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే యేట దానిని కనుగొనెను. సార్క్‌నకు దాయాదియైన 'ఏబుల్' అను మరియొక జన్యువు చెడినందున ఒక విధమగు రక్తపు క్యాన్సరు కలుగును. ఆ చెడిన ప్రోటీనులో ఏటీపీ కూర్చుండు చోటును ఆక్రమించి తూమును మూయు ఇమాటినిబ్ అను మందు 2001 లో అమెరికాలో ఆమోదము పొందెను. అంతకుముందు కొలది యేండ్లకే ప్రాణము కోలుపోవు రోగులు పెక్కుమంది, ఈ మాత్ర తీసికొనుచు దీర్ఘకాలము జీవింపగలిగిరి. అన్ని రాచపుండ్లును ఇట్లు లొంగవు. పెక్కింటిలో ఒకటి కాదు, అనేక తూములు చెడియుండును. ఒకటి మూసిన కణము వేరు దారి వెదకుకొనును.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. హెపటైటిస్ బి, పాపిలోమా వంటి కొన్ని వైరసులు మనుష్యులలో రాచపుండునకు కారణమగుట నిజమే. ఈ రెంటికిని టీకాలు కలవు. ఇవి కంచము వలనను, చెంబు వలనను అంటునవి కావు. రాచపుండు మాత్రము రోగి కణములలో చెడిన తూముల వలన కలుగునది. ప్రక్కన కూర్చుండి భుజించువారికి సోకదు. కావున వసారాలోని ఆ కంచమును లోపలికి తెచ్చి, అందరి నడుమ వడ్డింపుడని మా మనవి.