ఆర్టరీలో గాలి ఎక్కడ్నుంచొచ్చింది?

ఆర్టరీ అంటే గుండె నుంచి రక్తం మోసుకెళ్ళే ధమని అని బళ్ళోనే చదువుకున్నాం. కానీ ప్రాచీన గ్రీకులో 'ఆర్టీరియా' అంటే మొదట ఊపిరి గొట్టం! తర్వాత ధమనులకీ అదే పేరు వాడారు. శవాన్ని కోస్తే సిరల్లో రక్తం కనిపించేది, ధమనులు మాత్రం దాదాపు ఖాళీగా ఉండేవి. ఇంకేముంది, వాటిలో తిరిగేది గాలే అని తేల్చేశారు.

మరి బతికున్నవాడి ధమని తెగితే రక్తం చిమ్ముతుందేం? క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఎరాసిస్ట్రాటస్ దీనికో ప్యాచ్ వేశాడు: తెగగానే గాలి బయటికి పోతుందట, ఆ ఖాళీలోకి సిరల నుంచి రక్తం దూసుకొస్తుందట. డిజైన్ జోలికెళ్ళకుండా వర్కెరౌండ్ రాసే మనకి ఇదేం కొత్త కాదు లెండి.

సుమారు 400 ఏళ్ళ తర్వాత గేలెన్ బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల బిగించి కట్టి, మధ్యలో కోసి చూశాడు. ఉన్నది రక్తమే! సిరల నుంచి వచ్చే దారి మూసేశాక ఆ ప్యాచ్ ఇక పనిచెయ్యలేదు.

సిద్ధాంతం పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. పాపం, ఊపిరి గొట్టానికున్న 'గరుకు ఆర్టీరియా' అన్న పేరులో చివరికి 'గరుకు' ఒక్కటే దానికి మిగిలింది. అదే ఇవాళ్టి ట్రేకియా.

గ్రీకుల్ని చూసి నవ్వే ముందు మన 'ధమని' సంగతీ చూడండి. ఆ మాట పుట్టిన సంస్కృత ధాతువుకి అర్థం ఊదడం!