రాజులు తొలగిన చరిత్ర

ఓరుగంటిలో ఒక్క రూక చెల్లించినవానికి లక్ష్మణవజ్ఝల పూటకూటియింట కప్పురభోగి యన్నము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు లభించెడివని క్రీడాభిరామ కావ్యము చెప్పుచున్నది. కవి ధరను తగ్గించి చెప్పెనేమో! ఆ విస్తరిని చరిత్రకు సాక్ష్యముగా స్వీకరించిన సాహసికుడు సురవరము ప్రతాపరెడ్డి; ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడినది.

అంతకుముందు మనకు చరిత్ర యనగా వంశవృక్షము, యుద్ధము, దానశాసనము. 1906లో హైదరాబాదున నెలకొన్న విజ్ఞానచంద్రికా మండలి ఆ శాస్త్రమునకు తెలుగున బాట వేసినది. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ 1910లో మొదలైనది. ఆ మహనీయుల శ్రమ వందనీయమే. కాని శాసనము చెక్కించువాడు దాత గనుక, రాళ్ళను మాత్రమే చదివినవారికి దాతలే కనబడుదురు. వండినవాడును తిన్నవాడును కనబడరు. ప్రతాపరెడ్డి శాసనములను విడువలేదు గాని, పాల్కురికి సోమనాథుని మొదలు శుకసప్తతి, హంసవింశతుల వరకు కావ్యములను గాలించి, వర్ణనలలో దాగిన జూదములను, నగలను, తిండిని, మూఢవిశ్వాసములను వెలికి దీసెను.

నా మనస్సు మాత్రము కాకతీయుల ఓరుగల్లును దాటి రానొల్లదు. క్రీడాభిరామమున మిత్రులు మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక్కనాటి విహారములో ఎన్ని చూచిరి! ఏకవీరమ్మ గుడి, మైలారుదేవుని వీరభటుల ఘోరసాహసములు, కోడిపందెములు, పొట్టేళ్ళ పోరు, పల్నాటి వీరుల కథను గానము చేయు స్త్రీ, మాచల్దేవి చిత్రశాల. 1323లో ఆ పురము కూలినది. కావ్యము ఆ పిమ్మటిది గనుక ఇది కన్నవాని వాఙ్మూలము కాదు, విన్నవాని స్మృతి యని శంకించువారు కలరు. శంక న్యాయమైనదే, అయినను విన్నవాని స్మృతి సైతము లేని వీథులెన్ని లేవు?

రెడ్డిరాజులు, రాయలు, కుతుబుషాహీలు — ఈ శతాబ్దములు గ్రంథమున విస్తారముగ నున్నవి. నేను వడివడిగ దాటుచున్నాను. హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజా చెంత మాత్రము నిలువవలసియున్నది. ఆషాఢమున అచటి సింహవాహిని మహంకాళికి, పసుపుకుంకుమలు పూసి, వేపమండలు కట్టి, పైన దీపము నిలిపిన బోనములను ఆడువారు తలకెత్తుకొని పోవుదురు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినపుడు మంత్రి మహారాజా కిషన్‌పర్షాదు సలహాపై నిజాము అమ్మవారిని ప్రార్థించెనని పెద్దలు చెప్పుకొందురు. ఆ కథలో నిజాము పేరును, మంత్రి పేరును నిలిచినవి. ఆ యేడు బోనము నెత్తిన ఇల్లాండ్ర పేర్లు, కుండలు చేసిన కుమ్మరుల పేర్లు పోయినవి. వరద తీసికొనిపోయిన వానికన్న ఇది నాకు పెద్ద నష్టముగ తోచును.

ప్రతాపరెడ్డికి స్థిరపడిన నమ్మికలతో తలపడుట కొత్త గాదు. 1926 నుండి ‘గోలకొండ పత్రిక’ నడిపిన ఆయన, తెలంగాణమున కవులే లేరని ఒక పండితుడు వ్రాయగా, వ్యాసముతో వాదింపక పల్లెపల్లె నుండి పద్యములు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించెను. అందు 354 మంది కవులున్నారు. ఆక్షేపణ ఒక్క వాక్యము; సమాధానము ఒక గ్రంథము. సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ, తెలుగున ప్రప్రథమముగ, పురస్కార మొసగినది. గ్రంథకర్త 1953లోనే స్వర్గస్థుడైనాడు.