బాట కావలి - సొమ్ము కావలి

మధురను 1529 ప్రాంతమున ఏలనారంభించిన విశ్వనాథనాయకుడు దేశమును డెబ్బదిరెండు పాళెములుగ విభజించెనని చరిత్రప్రసిద్ధి. మధుర, కోయంబత్తూరు సీమల పాళెగార్లలో పలువురు తెలుగువారు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మడు, కోయంబత్తూరువారితో చేయి కలిపిన విరూపాక్షి గోపాలనాయకుడు అందులకు తార్కాణము.

పాళెగార్లకు సైన్యసేవతోపాటు కావలి హక్కును ఉండెను. బాటలను, ఊళ్లను కాచుట వారి విధి; అందులకు రుసుము గైకొనుట హక్కు; దొంగిలబడిన సొమ్మును రాబట్టుట, కానిచో పరిహారమిచ్చుట బాధ్యత. పైన గట్టి ప్రభువున్నంతకాలము ఈ ఏర్పాటు బాటసారికి మేలే చేసెను. ప్రభుత్వము సడలినపుడు కావలి వెలను కావలివాడే నిర్ణయించెను. రుసుమీయని ఊరికి నెమ్మది కరవయ్యెను. 1799 నుండి 1801 వరకు సాగిన యుద్ధముల పిదప ఈస్టిండియా కుంఫిణీ ఆ హక్కులను లాగికొనెను. అది ప్రజలపై దయచేత గాక తన పన్నుల కొరకే చేసినను, ఆ లోపము మాత్రము సత్యము.

నేటి బాట సెల్‌ఫోను. అది మాటను, సొమ్మునుగూడ మోయును. కెన్యాలో సఫారికాం సంస్థ 2007లో ఎం-పెసాను నెలకొల్పెను. దాని ప్రతినిధులైన అంగడివారు ఇతర సంస్థల పని చేయరాదను కట్టడి 2014లో గాని తొలగలేదు. ఒక సంస్థ ఖాతానుండి వేరొక సంస్థ ఖాతాకు నేరుగా సొమ్ము పంపు వీలు 2018లో గాని కలుగలేదు.

మన దేశమున గట్టు ముందే పడినది. 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు పేమెంట్స్ బ్యాంకుల నియమములను ప్రకటించెను. ఫోను సంస్థ అట్టి బ్యాంకును వేరు సంస్థగనే నడపవలెను; అప్పులీయరాదు; ఒకని నిలువ లక్ష రూపాయలు దాటరాదు. ఈ మితి 2021లో రెండు లక్షలయ్యెను. అయినను 2017లో ఎయిర్‌టెల్ చందాదారులు పలువురి పేర, వారి స్పష్టమైన సమ్మతి లేకయే, ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరవబడెను; వంటగ్యాసు రాయితీ వాటికి చేరెను. ఆధార్ సంస్థ ఆ సంస్థల ఆధార్ పరిశీలనను నిలిపివేసెను. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు అయిదుకోట్ల రూపాయల జరిమానా విధించెను.

కోయంబత్తూరు మిల్లు కూలి ఇంటికి పంపు సొమ్ము బాట వెంటనే పోవును. బాట కాచువాడు ఆ మూటను మోయవచ్చును గాని, మూట ఎవరిదో నిర్ణయింపరాదు. కావలివానికిని కావలి ఉండవలెనని మన పాళెముల చరిత్ర బోధించుచున్నది.