లాస్ట్ హెవెన్‌లో రెడ్ లైటు

2002లో చెక్ దేశపు బ్ర్నో నగరంలోని ఇల్యూజన్ సాఫ్ట్‌వర్క్స్ ‘మాఫియా’ ఆటను తయారుచేసింది. కాలం 1930లు, ఊరు లాస్ట్ హెవెన్ అనే కల్పిత అమెరికన్ నగరం. టామీ ఏంజెలో అనే టాక్సీ డ్రైవరు గ్యాంగులో చేరతాడు. హత్యకి వెళ్తున్నా సరే రెడ్ లైటు దగ్గర ఆగాల్సిందే. పోలీసు కంటపడితే జరిమానా. ఇక కారు రేసు గెలవలేక జుట్టు పీక్కున్నవాళ్ళు ఎందరో!

2020లో హ్యాంగర్ 13 ఈ ఆటను మళ్ళీ కట్టింది. దృశ్యాలు మెరుగయ్యాయి, టామీ భార్య సారాకి కథలో చోటు పెరిగింది, రేసు కష్టాన్ని తగ్గించుకునే వీలొచ్చింది. కొత్తవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. పాతవాళ్ళలో కొందరు పెదవి విరిచారు. దాన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. నేరగాడికీ ఊరి కట్టుబాటు తప్పదన్న ఆ చిరాకే లాస్ట్ హెవెన్‌ని నిజమైన ఊరిలా నిలబెట్టింది. అది ‘క్లాసిక్’ స్థాయిలో ఇంకా ఉంది. కానీ మొదటిసారి ఆడేవాళ్ళలో దాన్ని కోరి ఎంచుకునేదెవరు?