సాక్ష్యం చెప్పని మనిషి

తెలుగు సువార్త సినిమాల గురించి రాసేవాళ్లు సాధారణంగా మూడు మాటలతో తేల్చేస్తారు. ఇవి అమెరికా దిగుమతులు, మతం మార్చడానికే తీసినవి, స్వలింగ ప్రేమికుల్ని అక్కడి సినిమాలు ఎలా చూపిస్తాయో ఇవీ అలాగే చూపిస్తాయి అని. చోడవరం (2022 నుంచి అనకాపల్లి జిల్లా, మా నోటికింకా విశాఖే) చుట్టుపక్కల పల్లెల్లో తెల్లగుడ్డ తెర ముందు, జనరేటరు మోతలో నేల మీద కూర్చుని ఆ సినిమాలు చూసినవాణ్ణి. నాకు ఈ మూడు మాటల మీదా పేచీ ఉంది.

తొలి సంగతులు అందరికీ తెలిసినవే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు, ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగు చేశారు. ఒక శతాబ్దం తర్వాత బొంబాయిలో క్రీస్తు జీవితం మీద ఒక మూగచిత్రం చూసిన ఫాల్కేకి, మన దేవుళ్లను తెర మీద చూపించాలన్న ఆలోచన పుట్టింది. అంటే మన పౌరాణికానికి క్రీస్తు చిత్రం మేనమామ వరస. అప్పు తిరిగి చెల్లడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఆ చెల్లింపు ‘కరుణామయుడు’. భీమ్‌సింగ్ దర్శకత్వం, విజయచందర్ నిర్మాణం, ఆయనే క్రీస్తు, మోదుకూరి జాన్సన్ కలం. సినిమా 1978 డిసెంబరులో విడుదలైంది, దర్శకుడు అప్పటికే ఆ ఏడాది మొదట్లో కన్నుమూశాడు. లూకా సువార్త ఆధారంగా అమెరికా వాళ్లు తీసిన ‘జీసస్’ వచ్చింది 1979లో. తేదీలు పక్కపక్కన పెడితే దిగుమతి వాదం అక్కడే వీగిపోతుంది. ‘జీసస్’ చివర ప్రేక్షకుణ్ణి ప్రార్థనకు పిలుస్తారు, నిర్ణయం తీసుకోమంటారు. ‘కరుణామయుడు’ది టికెట్టు కొని హాల్లో చూసే భక్తి చిత్రం నడక. పాటలు, కన్నీళ్లు, దేవుడి బాధ చూసి కరిగిపోయే జనం. రెండేళ్లకు బాపు ‘రాజాధిరాజు’లో సైతానుగా నూతన్‌ప్రసాద్‌ను దింపితే ఆ సైతానూ మన నాటకాల విలనే.

ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. ఇదే సినిమా హిందీలో ‘దయాసాగర్’ అయ్యాక, జాన్ గిల్మన్ అనే అమెరికన్ నడిపిన డేస్ప్రింగ్ సంస్థ బృందాలు దాన్ని ప్రొజెక్టర్లతో ఊరూరా తిప్పాయి. డబ్బు అక్కడిదే. కానీ సినిమా ఆగాక మైకు పట్టుకుని ‘మారుమనస్సు’ గురించి మాట్లాడింది బోధకుడు, తెర కాదు.

మతమార్పిడి అన్న మాట దగ్గర చరిత్ర ఇంకా తిరకాసుగా ఉంటుంది. తెలుగు దేశంలో క్రైస్తవం ఒక్కొక్క పాపి గుండె కరిగి పెరిగింది కాదు. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ముందు రెండేళ్లూ కరువు. మాదిగపల్లెలు కుటుంబాలుగా, బంధుత్వాలుగా కదిలాయి. ఆ కదలికలో ఆకలి ఉంది, ఆత్మగౌరవం ఉంది, దేవుడూ ఉన్నాడు. ఏది ఎంతని తూచే త్రాసు నా దగ్గర లేదు. నేను చూసిన సువార్త లఘుచిత్రాల్లో ఆ పల్లె ఎక్కడా కనపడదు. అక్కడ ఒక్కడే తాగుబోతు, పేకాటరాయుడు, పెళ్లాన్ని కొట్టేవాడు. జబ్బు పడతాడు, ఏడుస్తాడు, మారతాడు. ఈ పాపిని మనం ఎక్కడ చూశాం? ‘విప్రనారాయణ’లో, ‘పాండురంగ మహాత్మ్యం’లో. పుండరీకుడి చేతికి బైబిలిస్తే కథ సరిపోతుంది.

పల్లెను ఎందుకు దాచారంటే నాకొక అనుమానం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఆదివారం చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు మోసే మనుషులున్నచోట మతం మారడాన్ని తెర మీద చూపించడం క్షేమం కాదు. మనసు మారడాన్ని చూపించొచ్చు. రుజువులతో చెప్పడం లేదు, కానీ ఇంతకంటే మంచి కారణం నాకు కనపడలేదు.

ఇక స్వలింగ ప్రేమికులు. అమెరికాలో ఈ దారి వేరు. 1992 నాటి ‘ద గే అజెండా’ వీడియో వాళ్లను దేశానికి ముప్పుగా చూపింది. 2015లో రే కంఫర్ట్ తీసిన ‘ఆడాసిటీ’ గొంతు తగ్గించి, వాళ్లకు ప్రేమగానే సువార్త చెప్పాలంది. గొంతు మారిందేగాని కథలో వాళ్ల చోటు మారలేదు: ఎప్పుడూ వినేవాళ్లే, మారవలసినవాళ్లే. వాళ్లను ‘మారుస్తామ’ని వెలసిన సంస్థల్లో పెద్దదైన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013లో క్షమాపణ చెప్పి తలుపులు మూసుకుంది.

మన తెర మీద ఆ పాత్రే లేదు. ఇది దయ అనుకునేవాళ్లున్నారు, నేననుకోను. తెలుగు బైబిలు కొరింథీయుల పత్రికలోని పాపుల జాబితాలో ‘ఆడంగితనం’ అన్న మాట వాడింది. మూలంలోని గ్రీకు మాటకు మెత్తనివాడని అర్థం, దాని మీద పండితుల తగవు నేటికీ తెగలేదు. తెలుగులో మాత్రం ఆ మాట వినగానే సినిమా కమెడియన్ నడక గుర్తొస్తుంది. నవ్వడానికి పనికొచ్చేవాడు ఏడ్చి మారే పాపిగా పనికిరాడు. ఊళ్లో ‘తేడా’ అని ఒక్క మాటతో పక్కన పెట్టినవాణ్ణి, సువార్త సినిమా పాపుల వరసలో కూడా నిలబెట్టలేదు. ఆ వెలి మత ప్రచారకుల సొంత సరుకేం కాదు, కోడంబాకం నుంచి ఫిల్మ్‌నగర్ దాకా అందరం కలిసి వండిందే.

కోర్టులో మాత్రం మౌనం లేదు. స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను సడలించిన 2009 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లలో ఉత్కళ క్రైస్తవ మండలి, కేరళకు చెందిన అపోస్టలిక్ చర్చెస్ అలయెన్స్ ఉన్నాయి. హిందూ, ముస్లిం పక్షాలూ పక్కనే నిలబడ్డాయి. మతాలు ఇంత సఖ్యంగా ఒక్క బెంచీ మీద కూర్చోవడం అరుదు. 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షన్ కోరలు ఊడాయి. అదే ఏడాది ‘అ!’ సినిమాలో ఇద్దరమ్మాయిల ప్రేమను వెక్కిరింత లేకుండా చూపించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్, ఇలాంటివాళ్లను ‘మార్చే’ చికిత్స చేస్తే అది డాక్టరు వృత్తి దుష్ప్రవర్తన అంది. ప్రార్థనతో మార్చేవాళ్ల దాకా ఆ మాట రాదు.

ఇప్పుడు తెల్లగుడ్డ పోయింది, ఫోను వచ్చింది. మారినవాళ్లు తమ కథ చెప్పుకునే సాక్ష్యాలు యూట్యూబులో పది నిమిషాల సినిమాలవుతున్నాయి. తాగుబోతు ఇంకా ఉన్నాడు. పనితనం పెరిగింది, ఊహ మాత్రం అక్కడే ఆగింది. స్వలింగ ప్రేమకు శిక్షగా కాలిపోయిందని చెప్పుకునే బైబిలు నగరం సొదొమ పేరు ఎప్పుడైనా ఎత్తితే నిప్పుల వానే చూపిస్తారు. యెహెజ్కేలు 16వ అధ్యాయం సొదొమ పాపంగా లెక్కపెట్టింది గర్వం, తిండి సమృద్ధి, దిక్కులేనివాళ్లకు చెయ్యందించకపోవడం. ఆ సినిమా ఎవరూ తీయలేదు. దానికి పెద్ద సెట్టు కూడా అక్కర్లేదు, ధాన్యం నిండిన ఒక గాదె, వేసి ఉన్న ఒక వీధి తలుపు ఉంటే చాలు.