ఇంజిన్ కంప్యూటర్ మెమరీ - మార్పు హక్కు: ఒక చారిత్రక పరిశీలన

కారు ఇంజిన్‌కు కంప్యూటర్‌ అవసరం కలగడానికి ప్రధాన కారణం వాయు కాలుష్యం. అమెరికాలో 1970 నాటి స్వచ్ఛ వాయు చట్ట సవరణలు కార్ల పొగలోని కాలుష్యకారకాలను సుమారు 90 శాతం తగ్గించాలని నిర్దేశించాయి. గాలిని, ఇంధనాన్ని అంత కచ్చితమైన పాళ్లలో కలపడం కేవలం యాంత్రికమైన కార్బురేటర్ వల్ల కాలేదు. 1981లో జనరల్ మోటార్స్ అమెరికాలో అమ్మే తన పెట్రోలు కార్లన్నింటిలో దాదాపుగా ఇంజిన్ నియంత్రణ కంప్యూటర్‌ను అమర్చింది.

ఇందులో ఒక ఏర్పాటు ప్రత్యేకంగా గమనించదగినది. ఒకే రకం కంప్యూటర్ పెట్టె అనేక కార్లకు సరిపోయేది. కారు బరువును, ఇంజిన్‌ను, గేర్ల నిష్పత్తిని బట్టి మారే అంకెల పట్టికలు మాత్రం ఊడదీయడానికి వీలైన ప్రామ్ చిప్‌లో ఉండేవి. పెట్టె చెడిపోతే మెకానిక్ పాత చిప్‌ను తీసి కొత్త పెట్టెలో అమర్చేవాడు. తయారీదారు సవరణ పంపినా చిప్ రూపంలోనే పంపాలి. సాఫ్ట్‌వేర్ చేత్తో పట్టుకోగల వస్తువుగా ఉన్న కాలమది. అందువల్లనే బయటివారు ఆ పట్టికలను చదివి, మార్చి, అతినీలలోహిత కాంతితో చెరిపి తిరిగి రాయగల ఈప్రామ్‌లలో నింపి అమ్మగలిగారు.

తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో వెల్లడించిన ఫ్లాష్ మెమరీ తరువాతి దశాబ్దంలో కార్లలో వ్యాపించాక ఈ స్థితి మారింది. చిప్ బోర్డుకు శాశ్వతంగా అతుక్కుంది. కొత్త సాఫ్ట్‌వేర్ డాష్‌బోర్డు కింది సాకెట్ గుండా రాసాగింది. ఫ్లాష్‌ను ఖండాలుగా చెరిపాకే తిరిగి రాయాలి. నడుమ బ్యాటరీ బలం తగ్గితే సాఫ్ట్‌వేర్ సగంలో ఆగిపోతుంది. ఆ ప్రమాదం తప్పించడానికి బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను చెరపకుండా వేరుగా కాపాడతారు. రాయడానికి అనుమతి కోరిన పరికరానికి కంప్యూటర్ ఒక సంఖ్యను పంపుతుంది. సరైన జవాబు సంఖ్య వస్తేనే అనుమతిస్తుంది. జవాబును లెక్కకట్టే సూత్రం తయారీదారు రహస్యం. సౌకర్యం పెరిగిన కొద్దీ హక్కు యజమాని చేయిజారింది.

దీని పర్యవసానం 2015లో బయటపడింది. కారు పరీక్షలో ఉన్నదని గుర్తించి అప్పుడు మాత్రమే కాలుష్య నియంత్రణను పూర్తిగా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో వాడిందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సెప్టెంబరు 18న నోటీసు ఇచ్చింది. అంతకుముందు, 2014 డిసెంబరులో, ఫోక్స్‌వ్యాగన్ కార్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చినా ఫలితం స్వల్పమే. అనుమానాన్ని మొదట రేకెత్తించింది సాఫ్ట్‌వేర్ పఠనం కాదు; వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రోడ్డుమీద నడుస్తున్న కార్ల పొగను కొలిచిన లెక్కలు. విచిత్రమేమంటే, సాఫ్ట్‌వేర్ తాళాన్ని తెరిచే మినహాయింపు యజమానులకు ఇవ్వరాదని, ఇస్తే కాలుష్యం పెరుగుతుందని అదే పర్యావరణ సంస్థ జూలైలో కాపీరైట్ కార్యాలయానికి రాసింది. అక్టోబరులో మరమ్మతు కోసం మినహాయింపు మంజూరైంది. అమలు మాత్రం పన్నెండు నెలల తరువాత.