ఇంటికప్పు: కొంత చరిత్ర, కొంత ఖర్చు

పెంకుటింటి మీద మనవాళ్ళు వ్రాసిన జ్ఞాపకాలు చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఆ కప్పు ఎక్కి పెంకు సర్దినవారెవరు? వారికి కూలి చెల్లించినవారెవరు? ఆ ఇంటి చల్లదనం గురించీ, చూరునుండి జారే వానధార గురించీ వర్ణనలకు కొదవలేదు. ఖర్చు సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. నా దృష్టిలో తెలుగువారి ఇంటి చరిత్రలో గోడలకంటే కప్పుదే పెద్ద అధ్యాయం. అందులో చాలాభాగం మరమ్మతుల పద్దు.

తాటాకో, రెల్లో, వరిగడ్డో కప్పిన ఇంటిని 2, 3 ఏళ్ళకొకసారి తిరిగి నేయించుకోవలసిందే. మృగశిర కార్తెకు ముందు, పొలం పనులు లేని రోజులలో, ఆ పని ముగించుకొనేవారు. వాసాలు ఉన్నవే, మారేది ఆకు మాత్రమే. చేతినుండి పోయే డబ్బు తక్కువ, శ్రమ ఎక్కువ. అయితే ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే వాడంతా బూడిదయ్యేది.

రాయలసీమ మట్టిమిద్దెది వేరే లెక్క. దూలాలమీద దంతెలు, వాటిమీద బండలో కట్టెలో పరచి, పైన మట్టి వేసి, అన్నిటికంటె పైన చౌడు పరుస్తారు. చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. వాటి మూలంగా, తడిసిన బంకరేణువులు విడివడి సందులను పూడ్చివేస్తవి. నీరు క్రిందికి దిగదు. పైరుకు పనికిరాని మన్ను ఇంటికి గొడుగైందన్నమాట! కానీ వానలకు ముందు మళ్ళీ చౌడు తోలుకోక తప్పదు. అలా పోసినకొద్దీ కప్పు బరువెక్కుతుంది, దూలం మాత్రం పాతదే. ముసురుకు నానిన మిద్దె కూలి నిద్రలో ఉన్నవారు మరణించారన్న వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నవి.

గూనపెంకును కుమ్మరి సారెమీద గొట్టంగా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చి, ఆరబెట్టి కాల్చేవాడు. ఒక వరుస వెల్లకిలా, దానిమీద ఒక వరుస బోర్లా పరచటమే. మేకు లేదు, సున్నం లేదు. కాబట్టి కోతి దూకినా, పిల్లి నడిచినా, గాలి వీచినా పెంకు కదిలేది. ఏటా పెంకు తిరగవేయించటం గృహస్థుకు పన్నువంటిదే.

ఈ పన్నును తగ్గించినది మంగుళూరు పెంకు. బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరు దగ్గర జెప్పులో పెంకుల కర్మాగారం స్థాపించారు. ఒక పెంకు అంచు మరొకదాని గాడిలో ఇమిడే పద్ధతిని అంతకుముందే, 1841లో, ఆల్సాసు ప్రాంతపు గిలార్డోని సోదరులు రూపొందించారు. నేత్రావతి ఒడ్డున దొరికే బంకమన్ను ఆ పద్ధతికి చక్కగా కుదిరింది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు చాలు. మన జిల్లాలలో దీనికి "బెంగుళూరు పెంకు" అన్న పేరే స్థిరపడిపోయింది, పాపం మంగుళూరు! పగిలిన పెంకు తీసి మరొకటి దూర్చితే మరమ్మతు పూర్తి. కానీ ఊరి కుమ్మరితో తెమిలే వ్యవహారం కాస్తా బయటినుంచి రొక్కమిచ్చి కొనే సరుకుగా మారింది.

అంతమాత్రాన పాత కప్పులను తలచుకొని కన్నీరు పెట్టటం నాకు చేతకాదు. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు పూరికప్పులు ఎవరినీ కాపాడలేదు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. ఆ తరువాతనే తీరం పొడవునా తుఫాను రక్షిత భవనాలు వెలిశాయి; "పక్కా ఇల్లు" అన్న మాట పేదవాని కోరికగానూ, ఎన్నికల వాగ్దానంగానూ మారింది.

కోరిక ఉంటే చాలదు, సిమెంటు కావాలి. అప్పట్లో దాని ధరా పంపిణీ ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. బస్తాలకు పర్మిటు కావాలి. 1982లో నియంత్రణ పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగింది. మన ఊళ్ళలో స్లాబులు విస్తరించిన కథను ఈ రెండు సంవత్సరాలను విడిచి చెప్పలేమని నా అభిప్రాయం. సెంట్రింగు కొట్టి, ఒక్కరోజులో కాంక్రీటు పోసి, వరిమడిలాగా గట్లు కట్టి నీళ్ళు నిలబెడితే, ఇక జన్మలో కప్పు ఎక్కనక్కరలేదని అందరూ నమ్మారు.

ఏటా కొద్దికొద్దిగా పోయే ఖర్చు ఒక్కసారిగా అప్పు రూపం ధరించింది. తీరా అప్పు తీరిన కొన్నేళ్ళకు పెచ్చులు ఊడటం మొదలైంది. ఇనుము తుప్పు పడితే దాని ఘనపరిమాణం కనీసం రెండింతలవుతుంది. ఆ ఒత్తిడికి లోపలినుంచే కాంక్రీటు పగులుతుంది. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పెంకులాగా ఒక్క ముక్కను తీసి మార్చే వీలు స్లాబుకు లేదు. పెచ్చు రాల్చి, తుప్పు గీకి, మళ్ళీ పూత పూయాలి. చువ్వ బాగా తినివేయబడితే మొత్తం కొట్టివేయాలి. పైన కొడుకు కోసం వేసిన అంతస్తు ఉంటే, అప్పుడేమి కొట్టగలరు?

ఆ అంతస్తు ఇంకా వేయనివారి మేడలమీద, స్తంభాలనుండి చువ్వలు ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంటాయి. కొడుకు వేరే ఊళ్ళో స్థిరపడ్డాడు. వాననీరు ఆ చువ్వల వెంటనే స్తంభంలోకి దిగుతుంది. కారుతున్న స్లాబుకు రసాయనాల పూతలు పూయించి విసిగినవారు చివరకు దానిమీద ఇనుప గొట్టాలు నిలబెట్టి, రేకులు వాలుగా వేయించుకొంటున్నారు. ఎండా తగలదు, నీరూ నిలవదు. మా వీధిలో ఇప్పటికి నాలుగు ఇళ్ళవారు ఆ పని చేయించారు.